భయానకాభాసము – ఉద్దానపు ప్రేక్షకుని నవ్వు

రసాభాసమును మన యాలంకారికులు రసముకంటెఁ దక్కువదానిగాఁ బరిగణించినను, దానివలనఁ గలుగు నానందమును మాత్రము కాదనలేదు. శృంగారానుకరణమునుండి హాస్యము పుట్టునని భరతముని చెప్పియుండఁగా, అభినవగుప్తపాదులు దానిని విస్తరించి, యే రసముయొక్క యాభాసమైనను హాస్యమునకే దారితీయునని నిర్ణయించిరి. ఈ నిర్ణయమునకు సుమారు వేయేండ్లు నిండినవి. దీనికి నేఁడు దొరకు పుష్కలమైన యుదాహరణము ఏ ప్రహసనమునందును గాక, అల్పధనముతో, అంతకంటె నల్పమైన నేర్పుతోఁ దీయఁబడిన కత్తిపోటు చలనచిత్రములయందుఁ గలదని నా యభిప్రాయము. పండితులు చదువు పత్రికలో నిట్టి వస్తువా యని కొందఱు బొమలు ముడువవచ్చును. మాలతీమాధవము పంచమాంకమును శిష్యులకుఁ బాఠము చెప్పినవారి కీ జుగుప్స తగదు. శ్మశానము, నరమాంసవిక్రయము, చాముండ యెదుట బలికి సిద్ధముచేయఁబడిన కన్యక, కత్తి యెత్తిన యఘోరఘంటుఁడు, వాఁడు చచ్చిన తరువాతఁ బగఁ దీర్చుకొన వచ్చు శిష్యురాలు కపాలకుండల – ఇన్నియు నచటఁ గలవు.

ఆంగ్లభాషయందు స్లాషరు అను పేరఁ బరఁగు ఈ చిత్రముల కథాశరీరము మిక్కిలి సులభమైనది. పూర్వమెప్పుడో యొక యపరాధము జరుగును. దానికి ఫలముగా ముసుఁగు తొడిగిన హంతకుఁడొకఁడు బయలుదేఱి, ఊరికి దూరముగా విడిదిచేసిన పడుచువారి నొక్కొక్కరిని వాఁడియాయుధముతోఁ బొడిచి చంపును. కడపట నొక కన్యక మిగిలి వానిని గెలుచును. వాఁడు నిజముగాఁ జావఁడు, రెండవభాగమునకు లేచివచ్చును. భరతుఁడు భయానకమును వ్యాజము, అపరాధము, విత్రాసితకము అని మూఁడుగా విభజించెను. పూర్వకథలో నపరాధము, చీఁకటిలోఁ గాలిచప్పుడున విత్రాసితకము, వెనుకనుండి భుజముపైఁ జేయివైచి తుదకుఁ జెలికాఁడుగాఁ దేలువానివలన వ్యాజమునకు దగ్గఱి చుట్టమైన యొక యులికిపాటు – మూఁడును ఈ కథలలోఁ గలవు. శాస్త్రమునకు లోటు లేదు. లోటంతయుఁ బ్రయోగమునందే.

ప్రయోగమున ధనము తక్కువయగుట తనంతఁ దాను దోషము కాదనుటకుఁ జరిత్రమే సాక్షి. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చిత్రమున స్నానపుగదిలోఁ బాఱిన నెత్తురు చాక్లెట్టు పాకము. చిత్రము నలుపు తెలుపు గావున నది చెల్లినది. 1978లో జాన్ కార్పెంటరు సుమారు మూఁడులక్షల డాలర్లతో ‘హాలోవీన్’ తీసినపుడు, హంతకుని మొగమునకు విలియం షాట్నరను నటుని పోలికగల ముసుఁగొకటి అంగడిలో రెండు డాలర్ల లోపున దొరకఁగా, దానికి వెల్లరంగు పూసి వాడికొనిరి. ఆ రెండు డాలర్ల మొగము లోకమును వణఁకించినది. దాని ననుకరించి వచ్చినవి లెక్కకు మిక్కిలి. అందుఁ బెక్కింట ముసుఁగు మాత్రమే మిగిలి వణఁకు పోయినది.

మనదేశమున నీ మార్గమునకు మూలపురుషులు రామ్సే సోదరులు. వారి ప్రారంభకథ యీ ప్రస్తావమునకు మిక్కిలి యుపకరించును. వారి తండ్రి ఎఫ్. యు. రామ్సే 1970లో ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ యను చిత్రము నిర్మించి నష్టపోయెను. అందుఁ బృథ్వీరాజ్ కపూర్ వికృతమైన ముసుఁగు తొడిగి దొంగతనమునకు వచ్చు ఘట్టమొకటి కలదు. చిత్రమంతయు నచ్చని జనులు ఆ యొక్క ఘట్టమునకుఁ గేకలువైచి ముచ్చటపడుట కుమాళ్లు గనిపెట్టిరఁట. తండ్రి, యేడుగురు కొడుకులు పనులన్నియు నింటిలోనే పంచుకొని, 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో మొదలిడి, 1984లో ‘పురానా మందిర్’, 1988లో ‘వీరానా’ వఱకు నడిపిన వ్యాపారమంతయు నా ముసుఁగునుండి మొలచినదే. వారి చిత్రములలో నొకవిధమైన నేర్పు కలదు. పొగయు నీలివెలుఁగును వారికి బాగుగా వశమైనవి. వారి వెనుక వచ్చినవారికి నది కూడ లేదు. 2006లో వచ్చిన హరినాం సింగు ‘శైతానీ డ్రాక్యులా’ యీ పతనమునకు నీచగతి యనవచ్చును. దానినే కొందఱు రసికులు శిఖరమని యందురు.

తెలుఁగున మంచి భయచిత్రములు లేకపోలేదు. వంశీ ‘అన్వేషణ’ (1985) అడవిని, పక్షుల కూఁతలను, ఇళయరాజా సంగీతమును నేకము చేసి, చంపునది పులియో మనిషియో తెలియనీయక నడిపిన నేర్పుగల కృతి. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) ఇంటిలోని నిశ్శబ్దముతోనే భయపెట్టెను. ఇవి నా వస్తువు గావు. వీనిని జూచి యెవ్వరును నవ్వరు. నవ్వినచో వారియందే లోపము. నేను చెప్పునది హిందీనుండియు నరవమునుండియుఁ బెదవులకు మాటలు కలియని తెలుఁగు తొడుగుకొని, వీడియో టేపుల కాలమున నూరూరఁ దిరిగి, నేఁడు చేతిఫోనులలో వెలుఁగు నట్టి యనామక చిత్రములను గూర్చి.

టెక్కలినుండి పలాస, మందస, సోంపేట, కవిటిమీఁదుగా ఇచ్ఛాపురమువఱకు సముద్రమునానుకొని పోవు నేలను ఉద్దానమందురు, ఉద్యానశబ్దభవమే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోఁటల చీఁకటి పగలే దట్టముగా నుండును. కత్తిపోటు చిత్రమునకుఁ గావలసిన రంగస్థల మంతయు నిచటివారి పెరటిలోనే కలదని చెప్పిన నతిశయోక్తి కాదు. తెరమీఁద ఎండుటాకులు గలగలమన్నపుడు, అది పామో పంపరపనసకాయో జీడిపిక్క లేఱుకొన వచ్చిన పొరుగువాఁడో యీ ప్రేక్షకుఁడు చెప్పఁగలఁడు. కావుననే దర్శకుని యబద్ధ మిచట నిలువదు. వేసవిలో గ్రామదేవత సంబరములకును, పెండ్లిండ్లకును దూరదర్శనయంత్రమును టేపుయంత్రమును అద్దెకుఁ దెచ్చి తెల్లవాఱులు ఆడించు రోజులలో ఇట్టి చిత్రముల యెదుటఁ గూర్చున్నవారి మాటలు నేను వినియుంటిని. కన్యక వెనుకకుఁ జూడక నడచుచుండఁగా ముసలమ్మ యొకతె, “ఓలే గుంటా, ఎనక్కి సూడే!” యని హెచ్చరించును. శవము ఱొమ్ము కదలఁగానే, “సచ్చినోడికి ఊపిరాడతందిరా!” యని మూఁకలోనుండి ఒకఁడు తీర్పుచెప్పును. గొంతు తెగినచోట, “అది రగతం కాదురా, రంగు” అని బిడ్డను సముదాయించు తల్లి స్వరము వినవచ్చును. (ఇట్టి వాక్కుల కొఱకుఁ బోరాడిన గిడుగువారు శ్రీముఖలింగముదగ్గఱనే పుట్టినవారు, వారు వినియున్నచో మనల నిట్టి గ్రాంథికమున వ్రాసినందులకు మందలించియే యుందురు.)

ఈ మాటలు పరిహాసము మాత్రమే యగునా? మొదటిది హెచ్చరిక, రెండవది విమర్శ, మూఁడవది యభయప్రదానము. ముసలమ్మ నిజముగానే కలఁతపడినది. కుఱ్ఱవాఁడు నిజముగానే కనిపెట్టినాఁడు. తల్లి రెండును దెలిసి పలికినది. ఒకే సభలో, ఒకే క్షణమున, భయమును దాని యాభాసమును జంటగా నుండుటయే యీ చిత్రముల వింత యాకర్షణమునకు మూలమని నాకుఁ దోఁచుచున్నది. మంచి చిత్రము సభనంతటిని ఒకే భావమున ముంచును. చెడ్డచిత్రము ఎవరి చోటు వారికి విడిచిపెట్టును.

అయినను ఒక సందేహ మిచటఁ దీర్చుకొనవలెను. బొమ్మతనము బయటపడుటవలననే నవ్వు పుట్టునేని, మన నాటకములన్నియు నవ్వులపాలు కావలసినదే. దీనికిఁ బ్రత్యుదాహరణ మీ ప్రాంతమునందే కలదు. కంచిలి దగ్గఱి జలంత్రకోట పూర్వము గంజాములోని జలంతర సంస్థానమునకు ముఖ్యస్థానము. అచటి రాజు రామకృష్ణ ఛోటరాయని పేరఁ బందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ‘ప్రహ్లాదనాటకము’ వెలసినది. అది యాస్థానకవి గోపీనాథ పరిచ్ఛా రచనయని చెప్పువారును గలరు. భాష ఓఢ్రము, సంగీతమున దక్షిణదేశపు పోకడలు కలసియున్నవి. 1936లో గంజాము విభజింపఁబడఁగా జన్మస్థాన మీవలను, ఆడు దళములలోఁ బెక్కు ఆవలను మిగిలినవి. ఆ నాటకమున హిరణ్యకశిపుఁడు మెట్లమంచెపై విఱ్ఱవీఁగుచుండఁగా, కడపట నృసింహుని ముసుఁగు వచ్చును. ఆ ముసుఁగునకు ముందుగాఁ బూజ జరుగును. దానిని దాల్చినవాఁ డావేశము నొంది హిరణ్యకశిపునిపైఁ బడఁబోవఁగా, కొందఱు మనుష్యులు వానిని బలవంతముగాఁ బట్టి నిలుపవలసియుండును. లేనిచో రాక్షసవేషధారికి నిజముగానే యపాయము.

చూడుఁడు: ముసుఁగు ముసుఁగని యందఱకుఁ దెలియును. కన్ను ఱెప్పవేయదు, దవడ కదలదు. పట్టుకొని లాగుచున్నవారు దేవతలు కారు, ఆ యూరివారే. వారిని దాఁచుటకుఁ దెరయైనను లేదు. చలనచిత్రమున నిట్టివారొకరు పొరపాటునఁ గనఁబడినచో సభ యంతయుఁ గొల్లున నవ్వును. ఇచట నెవ్వరును నవ్వరు. స్త్రీలు చేతులు జోడింతురు, పిల్లలు తల్లుల వెనుక దాఁగుదురు. అల్పసాధనము, అతుకుఁబొతుకులు, కనఁబడు త్రాళ్లు – ఇవేవియు రసమునకు విఘ్నములు కావని దీనివలన సిద్ధించుచున్నది.

అట్లయిన విఘ్నమేది? అభినవగుప్తపాదులు రసవిఘ్నములను ఏడింటిని జెప్పి, వానిలో మొదటిదిగా సంభావనావిరహమును బేర్కొనిరి. అనఁగా జరుగుచున్నది జరుగఁదగినదే యను నమ్మకము సభకుఁ గలుగకుండుట. ఈ నమ్మకము వస్తువులోఁ గాక యొడంబడికలో నున్నదని నేను చెప్పుదును. నాటకము తన ప్రేక్షకునకుఁ జేసిన వాగ్దాన మేమనఁగా: ఇది వేషము, దీని వెనుక దైవము కలదు, నీవు నీ వంతు నమ్ముము. ఆ మాట అది తప్పలేదు. ఛాయాచిత్రయంత్రము చేయు వాగ్దానము వేఱు: ఇదిగో, ఉన్నది ఉన్నట్లు చూపుచున్నాను. ఆ మాట యిచ్చిన తరువాత శవ మూపిరిపీల్చినచో, కత్తి వంగినచో, రాత్రియని చెప్పిన చోట నేలపై నీడలు పడినచో, యంత్రము తన నోటితోఁ దానే యబద్ధమాడినట్లగును. నవ్వు పేదతనమును జూచి పుట్టినది కాదు. మాటతప్పుటను జూచి పుట్టినది. రాజవేషముతో వచ్చి తలపాగ జాఱినవానిని జూచి నవ్వుదుము గాని, కౌపీనముతో వచ్చినవానిని జూచి నవ్వము.

పలాసలో జీడిపప్పు వ్యాపారులు గుండు, బద్ద, ముక్క యని వేఱుచేసి వేఱువేఱు వెలలకు విక్రయింతురు. రుచి మూఁటికి నొకటే. చెడ్డచిత్రము ముక్కవంటిదని, చవుకగా దొరకు నదే రుచియని మిత్రుఁ డొకఁడు నాతో వాదించెను. ఉపమానము సరసమే గాని చెల్లదు. ముక్కయందు గుండులోని రుచియే యున్నది. ఈ చిత్రములయందు ఉత్తమచిత్రములోని రుచి కొంచెమైనను లేదు. వేఱొక రుచి కలదు. దానిని వండునది తీసినవాఁడు కాఁడు, చూచువాఁడు.

భవభూతి తన నాటకములలో విదూషకునకుఁ జోటీయలేదు. మాలతీమాధవమున శ్మశానఘట్టమంతటి భయానకబీభత్సముల నడుమఁ బ్రేక్షకునకు ఊరట గల్పించువాఁడు లేఁడు. కవికి దాని యక్కఱయు లేదు, వాగ్ధోరణి యంతటిది. కత్తిపోటు చిత్రములం దాధోరణి లేదు, విదూషకుఁడును లేఁడు. ఆ ఖాళీ స్థానమును ఉద్దానపు పందిరిలో జనులే పూరింతురు. నాయకుని మూర్ఖతను ముందుగా గుర్తించుట, అపాయమును హెచ్చరించుట, గంభీరమును నేలకు దింపుట, అయినను నాయకుని విడువకుండుట – ఇవి విదూషకుని లక్షణములే గదా. తెల్లవాఱువఱకు లేవక కూర్చున్న జనులను అరసికులనుట మన తొందరపాటు. హాస్యమునకు స్మితము మొదలతిహసితమువఱకుఁ జెప్పఁబడిన యాఱుభేదములును ఒక్క రాత్రిలో నచట వినవచ్చును. వానికిఁ గారణభూతమైన వివేకము చిన్నది కాదు.

ధనంజయుఁడు దశరూపకమున వధను రంగమునఁ జూపరాదని నిషేధించెను. భాసుని ‘ఊరుభంగము’ 1912లోఁ దిరువనంతపురమున వెలువడినపుడు, దుర్యోధనుఁడు రంగముపైననే ప్రాణములు విడుచుట చూచి పండితు లాశ్చర్యపడిరి. నిషేధమునకుఁ గారణము సుకుమారత మాత్రమే కాదనియు, రంగముపైఁ జచ్చినవాఁడు ఊపిరి బిగఁబట్టలేఁడను ననుభవజ్ఞానము కూడ నందుఁ గలదనియు నేనూహింతును. మన కుఱ్ఱవాఁడు శవము ఱొమ్మును జూపి కనిపెట్టిన లక్షణమును ధనంజయుఁడు ముందే తప్పించెను!

ఇంత చెప్పియు నీ చిత్రములను నేను నిర్దోషములని యనఁజాలను. ఆఁడువారిని వెంటాడి చంపుటను ఆ తీఱిక నుపయోగించి వారి వస్త్రములను జూపుట కొక నెపముగాఁ జేయు నీచత పెక్కింటఁ గలదు. నవ్వు దానిని గడుగదు. ఆ ఘట్టములందు సభలో నవ్వెట్లుండునో గమనించినవారికిఁ దెలియును: స్త్రీల వరుసలు నిశ్శబ్దములగును, వెనుక నిలిచిన మగవారి నవ్వు మాత్రము వినవచ్చును. అది నేను పైనఁ బ్రశంసించిన నవ్వు కాదు. రెండింటిని బేరుపెట్టి వేఱుచేయుట విమర్శకుని విధి.

మఱియు నిహతుని పేరు లేమి యొకటి. కత్తిపోటు చిత్రమునఁ జచ్చువారికి ఊరు లేదు, కులము లేదు, తల్లిదండ్రులు లేరు. మూఁడవది, నాలుగవది యని లెక్క మాత్రమే. కావుననే నవ్వఁగలుగుదుము. 2020లోఁ గరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ యందును కత్తులు గలవు, నెత్తురు గలదు. కాని యచటఁ బడినవాఁడు ఆటపాటలతో బ్రదుకు నొక కులమువాఁడు. కొట్టినవాఁడు పలుకుబడిగల వీధివాఁడు. రంగు కొంచెము తేలిపోయినను ఆ చిత్రమునకు నవ్వినవానిని నేనెఱుఁగను. ఒకే యూరు, ఒకే విధమైన కత్తి. పేరుండుట, లేకుండుటయే భేదము.

ఉద్దానమువారికి మరణము తెరమీఁది వస్తువు మాత్రమే కాదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమునఁ దీరము దాఁటి, తరములుగాఁ బెంచిన కొబ్బరితోఁటలను జీడితోఁటలను నేలఁగూల్చినది. అంతకు ముందునుండియు నేఁటివఱకును మూత్రపిండవ్యాధి యిచటి యిండ్లలో నొక్కొక్కరినే తీసికొనిపోవుచున్నది. నీటిని, నేలను, ఎండలోని శ్రమను, తిండిని బరీక్షించిన శాస్త్రజ్ఞులకును కారణ మిదియేయని నిశ్చయముగాఁ దేలలేదు. 2023 డిసెంబరులోఁ బలాసలో నిన్నూఱు పడకల వైద్యశాలయుఁ బరిశోధనాకేంద్రమును బ్రారంభింపఁబడినవి. ఈ దుఃఖమును మఱచుటకే వారు నవ్వుదురని నేను సిద్ధాంతము చేయను. అది దూరముననుండి చెప్పుటకు సులభమైన మాట. నేను చెప్పునది కొంచెము వేఱు. హంతకుఁడెవఁడో తెలియని చావును ఇంటిలోఁ జూచినవారికి, ముసుఁగు దొడిగి అడుగులచప్పుడుతో వచ్చు హంతకుఁడు భయపెట్టఁజాలఁడు. వాని నెదురుగాఁ జూచి “ఏటిరా నీ గొడవ” యని యడుగుటకు వారికి నధికారము గలదు.

ఇటీవలి తెలుఁగు చిత్రములు ఈ నవ్వును గుర్తించి దానిని దామే యమ్మఁజూచినవి. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ విజయము పొందినది మొదలు, 2015లో ‘రాజుగారి గది’ మున్నగునవి దయ్యమును, దయ్యమును జూచి నవ్వించు హాస్యగాండ్రను జతగాఁ జూపసాగెను. ‘ఆనందో బ్రహ్మ’ (2017) యను చిత్రమున దయ్యములే మనుష్యులకు భయపడును. పేరును జూచి తైత్తిరీయమును స్మరించువారు కొంచెము జాగ్రత్తగా నుండవలెను. ఇవి నేర్పుగాఁ దీయఁబడినవే. కాని వీనిలో విదూషకుఁడు తెరమీఁదికి మరలిపోయినాఁడు, జీతము పుచ్చుకొనుచున్నాఁడు. పందిరిలోని ముసలమ్మకు హెచ్చరించుటకును, కుఱ్ఱవానికిఁ గనిపెట్టుటకును పనిలేదు. ఎచట నవ్వవలెనో చిత్రమే చెప్పును. కావలయునని చెడఁగొట్టి తీసిన చిత్రములగతియు నింతే; దర్శకుఁడు నిజముగా భయపెట్టఁగోరి యోడిపోయినచోటనే పైని చెప్పిన జంటభావము పుట్టును. ఓటమి బుద్ధిపూర్వకమైనచో నది యోటమి కాదు, నటన.

ఇంకొక మార్పును గలదు. టేపులును పందిళ్లును బోయినవి. అవే చిత్రములు నేఁడు ఫోనులలోఁ దక్కువ ఖర్చునకే దొరకును గాని, ఒక్కొక్కరు చెవులకుఁ బూసలు దగిల్చుకొని యొంటరిగాఁ జూచుచున్నారు. ఒంటరిగాఁ జూచువాఁడు పైకిఁ బలుకఁడు. పందిరిలో వినవచ్చిన యా వాక్కులను వ్రాసియుంచినవారు నాకుఁ గానరాలేదు. తూర్పుభాగవతుల మాటలను, తప్పెటగుళ్ల పాటలను సేకరించు మన పరిశోధకులు టెక్కలి, పలాస, కవిటి ప్రాంతములందుఁ బెద్దల నడిగినచో, ఏ చిత్రమున నేఘట్టమున నెవరేమనిరో యిప్పటికిని చెప్పఁగలవారు దొరకుదురు. చిత్రము పేరు వారికి జ్ఞప్తియుండదు. కథయు నుండదు. “ఊపిరాడతంది” అన్న మాట మాత్రము, అది యెవరన్నారో, ఆ రాత్రి యెవరింటి పెండ్లియో, వారికి బాగుగా జ్ఞప్తియున్నది.